అటక మీద మూడు రోజులు

2020 మార్చి మూడో వారం. హైదరాబాద్ కృష్ణానగర్‌లో టీకొట్ల దగ్గర తెల్లారకముందే జనం చేరారు. లైట్‌మన్లు, జూనియర్ ఆర్టిస్టులు, ప్రొడక్షన్ బాయ్‌లు, కాస్ట్యూమర్లు ఎప్పటిలాగే భుజాన సంచులతో నిలబడ్డారు. యూనిట్ బస్సులు మాత్రం రాలేదు. కరోనా భయంతో షూటింగులన్నీ ఆపేయాలని పరిశ్రమ పెద్దలు అప్పటికే నిర్ణయించారు. థియేటర్లు మూతపడ్డాయి. 'రెండు వారాలేనట' అని ఒకరు, 'ఉగాది అయ్యాక మొదలెడతారట' అని మరొకరు చెప్పుకుని ఎవరి గదికి వాళ్లు వెళ్లిపోయారు.

ఆ వీధుల్లోని ఒక ఇంటి కథ ఇది. నిజానికి ఒక్క ఇంటిది కాదు. ఆ ఏడాది అక్కడి కుటుంబాలు గడిపిన రోజుల్ని ఒకే గుమ్మంలోకి తెచ్చి చెబుతున్నాను, పేర్లు లేనిది అందుకే. తేదీలు, వాన లెక్కలు, ప్రకటనలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను.

అతను లైట్‌మన్. సొంతూరు పాలకొల్లు పక్కన. ఆమె జూనియర్ ఆర్టిస్టు. పుట్టిల్లు దివిసీమలో, నాగాయలంక దాటాక. ఇద్దరు పిల్లలు. రెండంతస్తుల ఇంట్లో కింద ఒకటిన్నర గది వాళ్లది, పైన ఇంటి యజమానురాలు ఉంటుంది. ఫిల్మ్‌నగర్ కొండల మీద రామానాయుడు స్టూడియో, పద్మాలయా, అటు అన్నపూర్ణా స్టూడియో వెలిశాక, వాటిలో పనిచేసే చేతులన్నీ ఇలా కొండ దిగువన కృష్ణానగర్‌లో, ఇందిరానగర్‌లో, యూసుఫ్‌గూడలో గూళ్లు కట్టుకున్నాయి. నటుడు ప్రభాకర్‌రెడ్డి చొరవతో వచ్చిన చిత్రపురి కాలనీలో కొందరికి సొంత ఇళ్లు దక్కాయి. దక్కనివాళ్లు చాలామంది.

మార్చి 22, ఆదివారం జనతా కర్ఫ్యూ. ఆ సాయంత్రమే ముఖ్యమంత్రి కేసీఆర్ నెలాఖరుదాకా రాష్ట్రమంతా లాక్‌డౌన్ అన్నారు. రెండు రోజులకు, 24వ తేదీ రాత్రి ఎనిమిదింటికి ప్రధాని టీవీలో కనిపించారు.

"ఎన్ని రోజులన్నాడండీ?" వంటగట్టు దగ్గర నుంచి అడిగింది ఆమె.

"ఇరవై ఒకటి."

ఆమె బియ్యం డబ్బా మూత తీసింది. చెయ్యి పెట్టి అడుగు తడిమింది. "మనకి నాలుగు రోజులకుంది" అంది.

ఆ రాత్రి ఆ వీధిలో ఎన్ని డబ్బాల మూతలు అలా తెరుచుకుని ఉంటాయో! రోజుకూలీ ఇంట్లో సరుకు ఎప్పుడూ రెండు మూడు రోజులదే ఉంటుంది. దాన్ని ముందుచూపు లేకపోవడం అనుకుంటే పెద్ద తప్పు. అతనికి అంతకు ముందరి షెడ్యూలు తాలూకు కూలి ఇంకా చేతికి రాలేదు. 'సినిమా మొదలవగానే సర్దుతాం' అన్న మాట వచ్చింది, అంతే. డబ్బు వారానికో నెలకో వచ్చే ఇంట్లో కిరాణా కూడా కిలోల్లోనే వస్తుంది. బస్తా కొనాలంటే బస్తా డబ్బు ఒక్కసారిగా చేతిలో పడాలి.

తెల్లకార్డు ఉన్నవాళ్లకు తెలంగాణ ప్రభుత్వం మనిషికి 12 కిలోల బియ్యం, కార్డుకు 1500 రూపాయలు ఇచ్చింది. వీళ్ల కార్డు ఊళ్లో ఉంది. మార్చి చివరి రోజుల్లో చిరంజీవి ఆధ్వర్యంలో కరోనా క్రైసిస్ చారిటీ మొదలైంది. హీరోలు, నిర్మాతలు, దర్శకులు విరాళాలిచ్చారు. తమ్మారెడ్డి భరద్వాజ, ఎన్.శంకర్, సి.కల్యాణ్, సురేశ్‌బాబు లాంటివాళ్లు నిర్వహణ చూశారు. యూనియన్ల జాబితాల ప్రకారం కార్మికుల ఇళ్లకు సరుకులు చేరాయి. ఆ సంచీలు రాకపోయి ఉంటే కృష్ణానగర్‌లో చాలా పొయ్యిలు వెలిగేవి కావు. అది కృతజ్ఞతతో చెప్పుకోవాల్సిన సంగతి.

సంచీ వచ్చేదాకా మాత్రం వాళ్లు బతికింది ఇంటామె పెట్టిన బియ్యంతో.

"ఏం బిడ్డా, పొయ్యి ముట్టియ్యలేదేంది ఇంకా?" పైనుంచి దిగి వచ్చి అడిగింది ఇంటామె. జవాబు రాకపోయేసరికి ఇంకేం అడగలేదు. సాయంత్రానికి గిన్నెడు బియ్యం, పావు పప్పు గుమ్మంలో ఉన్నాయి.

సరుకుల వరసలో నిలబడిన రోజున ఆమెకు ఒక సినిమా గుర్తొచ్చింది. వరద బాధితుల క్రౌడులో ఒకసారి ఇలాగే చేతులు చాచి నిలబడింది. అప్పుడు అసిస్టెంట్ డైరెక్టర్ 'ఏడుపు సరిపోలేదమ్మా' అని రెండుసార్లు మళ్లీ తీయించాడు. ఇప్పుడు ఏడవకుండా ఉండడానికి పళ్లు బిగబట్టాల్సి వచ్చింది.

ఆ రాత్రి నాగాయలంకకు ఫోన్ చేసింది.

"మీ నాన్నమ్మ అటక మీద ఏం పెట్టేదో మర్చిపోయావా?" అంది తల్లి.

1977 నవంబర్ 19. దివిసీమను ఉప్పెన మింగిన రోజు. మనిషెత్తుకు మించిన అల ఊళ్లమీద పడింది. చనిపోయినవాళ్లు వేలల్లో. తక్కువలో తక్కువ లెక్కే పదివేలు. అప్పటికి ఆ తల్లి చిన్నపిల్ల. నీళ్లు తీశాక కనిపించింది ఆమె ఇప్పటికీ చెబుతుంది. చెరువులన్నీ నిండి ఉన్నాయి, గుటకెడు తాగే నీళ్లు లేవు. అన్నీ ఉప్పునీళ్లే. తడి తగలని అగ్గిపుల్ల లేదు. బతికి బయటపడ్డవాళ్లు దాహంతో అల్లాడారు. ఆ తర్వాత పాతికేళ్లూ నాన్నమ్మ ఇంట్లో అటక మీద మూతబిగించిన డబ్బాలో అటుకులు, బెల్లం, ఉప్పు, మైనం పూసిన అగ్గిపెట్టె, లాంతరులోకి కిరసనాయిలు, వీటి పక్కనే కొబ్బరికాయలు ఉండేవి. ఏటా కార్తీకంలో పాతవి తీసి వాడేసి కొత్తవి పెట్టేది నాన్నమ్మ.

"మూడు రోజులు మనల్ని మనమే కాచుకోవాలే. నాలుగోనాడు ఎవరో ఒకళ్లు వస్తారు. మీ నాన్నమ్మ మాట అది" అంది తల్లి.

తర్వాత నిజంగానే వచ్చారు. ఎన్టీఆర్, ఏఎన్నార్ మొదలుకుని సినిమావాళ్లు దివిసీమ కోసం జోలె పట్టి ఊరూరా తిరిగారు. తెలుగు సినిమాకు అది అలవాటుగా మారింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖను ఊడ్చేసినప్పుడు, నవంబర్ 30న అన్నపూర్ణా స్టూడియోలో 'మేము సైతం' పేరిట పరిశ్రమంతా ఒక్కచోట చేరి విరాళాలు పోగుచేసింది. తుపానుకూ ఆ కార్యక్రమానికీ మధ్య ఏడు వారాలు. తప్పు పట్టడానికి చెప్పడం లేదు. మనుషుల్ని కూడగట్టాలన్నా, డబ్బు లెక్క తేల్చాలన్నా, ఇళ్లు కట్టాలన్నా అంత సమయం పడుతుంది. విశాఖ జనానికి మొదటి వారం గండం వేరు. కరెంటు లేదు. మోటారు తిరగక ట్యాంకులో నీళ్లు లేవు. సెల్‌టవర్లు కూలాయి. ఏటీఎంలు పనిచేయక జేబులో నోటు ఉన్నవాడికే పాలప్యాకెట్ దొరికింది, అదీ రెండు మూడు రెట్ల ధరకు. పెట్రోలు బంకుల ముందు బారులు. కోట్ల ఆస్తి ఉన్న అపార్టుమెంటుకీ, బెస్తవాడలోని రేకుల ఇంటికీ ఆ వారం బిందెడు నీళ్లే సమస్య.

జూన్‌లో ప్రభుత్వం షూటింగులకు అనుమతిచ్చింది. కొద్దికొద్దిగా పని మొదలైంది. ఆమె మొదటి రోజు బేటా (రోజు కూలి) తెచ్చి చేసిన పని, కిరాణాకొట్టులో రెండు కిలోల అటుకులు, కిలో బెల్లం కొనడం. సెట్లో సామాన్లు పెట్టే పాత ట్రంకుపెట్టె అతను తెచ్చాడు. దాన్ని అటక ఎక్కించారు. తర్వాత ప్రతి బేటాలోంచి కాస్త కాస్త. వేయించిన శనగలు, ఉప్పు, కొవ్వొత్తులు, పిల్లలకు జ్వరం మాత్రలు, బ్లీచింగ్ పౌడర్ పొట్లం, చిన్న నోట్లు చుట్టిన సీసా. ఆధార్, యూనియన్ కార్డు, పిల్లల సర్టిఫికెట్లు మందపాటి పాలిథీన్ కవర్లో వేసి అంచు కొవ్వొత్తి మంట మీద అంటించింది. లైట్‌మన్ తన వంతు తెచ్చాడు. టార్చి, టెస్టర్, ఇన్సులేషన్ టేపు, గట్టి తాడు, రబ్బరు చెప్పులు. మెట్ల కింద ఇరవై లీటర్ల క్యాన్లు నాలుగు పెట్టి, ఆదివారం ఆదివారం ఆ నీళ్లు బట్టలకు వాడి కొత్తవి పట్టేవారు.

"ఏంది బిడ్డా, ఇంట్ల దుకాణం పెడ్తున్నవా?" అని ఇంటామె నవ్వింది.

"మా అమ్మ చెప్పిందండీ అత్తా" అంది ఆమె. అంతకంటే వివరించలేదు.

షూటింగుకు వెళ్లి చూస్తే ప్రొడక్షన్ మేనేజర్ వానొస్తే ఏం చేయాలో ముందురోజే రాసుకుంటాడు. టార్పాలిన్లు ఎన్ని, జనరేటర్‌కు డీజిల్ ఎంత, రెండొందల మందికి నీళ్ల క్యాన్లు ఎన్ని, ఫస్ట్ ఎయిడ్ పెట్టె ఏ వ్యాన్లో ఉంది, అన్నీ అతని చేతి పుస్తకంలో ఉంటాయి. పది నిమిషాలు కరెంటు పోతే ఎంత నష్టమో లెక్కగట్టి చెప్పగలడు. ఆ యూనిట్‌లో పనిచేసే వాళ్ల ఇళ్లకు అలాంటి పుస్తకం ఎవరూ రాయలేదు. ఆమె రాసుకుంది.

అక్టోబర్ 13, మంగళవారం. పొద్దున్నే తీవ్ర వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటింది. అది పడమరగా తెలంగాణ మీదకు వచ్చింది. మధ్యాహ్నానికి హైదరాబాద్ చీకటైంది. ఆ ఇరవైనాలుగు గంటల్లో నగరంలో 19 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. అక్టోబర్ నెలలో ఒక్కరోజులో అంత వాన వందేళ్లకు పైగా ఎవరూ నమోదు చేయలేదు. ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్లు.

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ నిలబడ్డది గ్రానైటు గుట్టల మీద. రాయి నీళ్లు తాగదు. రాళ్ల మధ్య మట్టి, పొదలు, కుంటలు ఉన్నన్నాళ్లు వాన కొంత నిలిచి, కొంత ఇంకి, మిగిలినదే పల్లానికి పోయేది. ఆ మట్టి మీద సిమెంటు పరిచాం. ప్రతి ఇంటి ఆవరణా గచ్చే, ప్రతి రోడ్డూ కాంక్రీటే. దాంతో కొండ మీద పడ్డ చినుకు నిమిషాల్లో పరుగుపెట్టి కృష్ణానగర్‌లో దిగుతుంది. అక్కడి నుంచి యూసుఫ్‌గూడ మీదుగా నాలాల్లో హుస్సేన్‌సాగర్ వైపు పోవాలి. నాలా ఇరుకు. గట్టి వాన పడ్డప్పుడల్లా కృష్ణానగర్ పల్లపు వీధుల్లో బైకులు కొట్టుకుపోయేది ఇందుకే.

రాత్రి తొమ్మిదింటికి నీళ్లు గడప దాటాయి.

"పిల్లల్ని పైకి తీసుకుపో" అంటూ అతను ముందుగా మెయిన్ దగ్గరికి వెళ్లాడు. రబ్బరు చెప్పులు, చేతిలో టెస్టర్. ఇంట్లోని ప్లగ్గు పాయింట్లు నేలకు మూడడుగుల ఎత్తులోనే ఉన్నాయి. మెయిన్ దించి, మీటర్ బోర్డు చూసి, వెంటనే పక్కింటికి పరిగెత్తాడు.

"అన్నా, మెయిన్ ఆఫ్ చెయ్! నీళ్లు బోర్డుకి తగలకముందే చెయ్!"

వీధి ఇంకా కరెంటు వెలుగులో ఉంది. వెలుగుంటే ధైర్యమని జనం లైట్లు ఆర్పడానికి ఒప్పుకోరు. అతను గొంతు చించుకుని, టార్చి ఊపుతూ గుమ్మం గుమ్మానికీ తిరిగాడు. ఫ్రిజ్‌లోని పాలు పాడవుతాయని ఒకామె వాదించింది. "పాలు పోతే కొనుక్కోవచ్చు చెల్లీ" అని తానే వెళ్లి మెయిన్ దించాడు. వరదల్లో మునిగి పోయేవాళ్లు కొందరైతే, నీళ్లలో నిలబడి స్విచ్ ముట్టుకుని పోయేవాళ్లు ఇంకొందరు. సెట్లో వాన సీను తీసేటప్పుడు కేబుళ్లు ఎక్కడ ఉండాలో ఇరవై ఏళ్లుగా చూసుకున్న మనిషికి అది ఎవరూ చెప్పనక్కర్లేదు.

వీధి చివర గదిలో ముసలి మేకప్ మాస్టారు ఒంటరిగా ఉంటాడు. తాడు నడుముకు కట్టుకుని ఇద్దరు కుర్రాళ్లతో వెళ్లి ఆయన్ని మోసుకొచ్చారు. ఆయన గుప్పెట్లో ఇన్సులిన్ సీసా ఉంది. "ఇది చల్లగా ఉండాలమ్మా" అన్నాడు వణుకుతూ. ఆమె దాన్ని కవర్లో చుట్టి, తడిగుడ్డ కప్పిన మట్టికుండలో పెట్టింది.

ఆ రాత్రి ఇంటామె హాల్లో నాలుగు కుటుంబాలు. కొవ్వొత్తి వెలుగులో అటుకులు తడిపి, బెల్లం కలిపి ఆకుల్లా చింపిన పేపర్ల మీద పెట్టారు. ముందు పిల్లలకు, తర్వాత మాస్టారికి బెల్లం లేకుండా శనగలు. ఇంటామె తన పచ్చడి జాడీ దింపింది. ఎవరి ఫోన్లలో ఎంత చార్జింగ్ ఉందో లెక్కేసుకుని, ఒక్క ఫోన్ మాత్రం ఆన్‌లో ఉంచి మిగతావి ఆపేశారు. అదే రాత్రి పాతబస్తీ వైపు గోడలు కూలి, కాలనీలు మునిగి మనుషులు పోయారని ఆ ఒక్క ఫోన్‌లోనే తెలిసింది.

తెల్లారాక అసలు పరీక్ష మొదలైంది. నీళ్లు తీశాయి, బురద మిగిలింది. సంపులో మురుగు కలిసింది. పైకి తేటగా కనిపిస్తున్నా ఆ నీళ్లు తాగితే వాంతులు, విరేచనాలు ఖాయం. మెట్ల కింది క్యాన్లు అప్పటికే రాత్రి పైకి చేరాయి. ఎనభై లీటర్లు, పద్నాలుగు మంది. తాగడానికి, వంటకు, శుభ్రతకు కలిపి మనిషికి రోజుకు కనీసం 15 లీటర్లు కావాలని సహాయ సంస్థల లెక్క. ఆ లెక్కన ఎనభై లీటర్లు ఒక పూటకు రావు. అందుకే తాగడానికి మాత్రమే అని గీత గీశారు. కడుక్కోవడానికి డాబా మీద పట్టిన వాన నీళ్లు. రెండో రోజు ఒక పిల్లాడికి విరేచనాలు పట్టుకున్నాయి. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచాను తలగొట్టి కొలిచి, గుక్క గుక్కగా రాత్రంతా పట్టించింది తల్లి. పొద్దుటికి తేరుకున్నాడు.

"నీ దుకాణమే మమ్ములను బతికిచ్చింది బిడ్డా" అంది ఇంటామె మూడో రోజు.

17వ తేదీన వాన మళ్లీ విరుచుకుపడింది. 19న ప్రభుత్వం ముంపు ఇళ్లకు పదివేల చొప్పున సాయం ప్రకటించింది. ఆ మర్నాడే చిరంజీవి, మహేశ్‌బాబు, నాగార్జున, జూనియర్ ఎన్టీఆర్ తదితరులు ముఖ్యమంత్రి సహాయనిధికి విరాళాలు ప్రకటించారు. వాన పడ్డది 13న.

1995 జనవరిలో జపాన్‌లో కోబే నగరం భూకంపానికి కూలినప్పుడు, శిథిలాల కింద నుంచి బయటపడ్డవాళ్లలో అత్యధికుల్ని లాగింది ఇంటివాళ్లు, ఇరుగుపొరుగువాళ్లే. అంత ధనిక దేశంలోనూ అంతే. అక్కడి ప్రభుత్వం ప్రతి ఇంట్లో కనీసం మూడు రోజుల తిండీ నీళ్లూ ఉంచుకోమని ఇప్పటికీ చెబుతుంది. నాగాయలంక నాన్నమ్మ చెప్పిందీ ఆ మూడు రోజులే.

అయితే ఒక మాట గట్టిగా చెప్పాలి. ముందు జాగ్రత్త పడండి అని పేదవాడికి చెప్పడం తేలిక. ట్రంకుపెట్టె నింపడానికి ఆ ఇల్లాలికి జూన్ నుంచి అక్టోబర్ దాకా పట్టింది. మార్చిలోనే పాత కూలి చేతికొచ్చి ఉంటే ఆ పెట్టె మార్చిలోనే నిండేది, ఆమె ఆ వరసలో నిలబడే అవసరమే వచ్చేది కాదు. 2025 ఆగస్టులో సినీ కార్మికులు కూలి పెంపు కోసం 18 రోజులు షూటింగులు ఆపారు. చివరికి దశలవారీగా 22.5 శాతం పెంపు ఒప్పుకున్నారు. ఆ చర్చల్ని మనం సినిమాల విడుదల తేదీల వార్తగానే చదివాం. నాకైతే అవి విపత్తు సన్నద్ధత గురించి జరిగిన చర్చల్లానే కనిపించాయి. సకాలంలో అందిన కూలికి మించిన సహాయనిధి లేదు.

కొండ మీద ఉన్నవాళ్లు చేయాల్సిందీ ఉంది. 2002 నాటి వాల్టా చట్టం ఇంకుడు గుంతలు తవ్వమంటుంది. జూబ్లీహిల్స్‌లో ప్రతి ఆవరణలో పనిచేసే గుంత ఒకటి ఉంటే కృష్ణానగర్ గడపలోకి వచ్చే నీళ్లు ఆ మేరకు తగ్గుతాయి. ఉన్న గుంతల్లో పూడిక తీయించి ఎన్నేళ్లయిందో ఎవరి ఇంట్లో వాళ్లు ఈ వారం చూసుకోవచ్చు.

ఇది చదువుతున్నవాళ్లు మీ ఇంటి మెయిన్ స్విచ్ ఎక్కడుందో ఇంట్లో పదేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ ఇవాళే చూపించండి. మూడు రోజుల నీళ్లు, తిండి, మందులు, కాగితాలు ఒకచోట, నీళ్లందని ఎత్తులో పెట్టండి. పక్కింట్లో ఒంటరిగా ఉన్నది ఎవరో, వాళ్లు ఏ మందు వాడతారో కనుక్కోండి. నిర్మాతలకు ఒకే విన్నపం. ప్యాకప్ చెప్పిన రోజే ఆ రోజు కూలి లెక్కగట్టి కార్మికుల చేతిలో పెట్టండి.